షర్లీ వయసెంత? అమెరికా సోషల్ సెక్యూరిటీ వారి పేర్ల పట్టికపై ఒక అనువాదకసమీక్ష

అమెరికా కథలను తెలుగులోకి తెచ్చేవారికి మొదటి చిక్కు పాత్ర పేరు దగ్గరే వస్తుంది. ఇంగ్లీషు రచయిత "షీ సెడ్" అని రెండు మాటల్లో దాటిపోయిన చోట మనం ఆగి ఆలోచించుకోవాలి. "అంది" అని రాయాలా, "అన్నారు" అని రాయాలా? ఆమె మన వాక్యంలో "ఆ పిల్ల" అవుతుందా, "ఆమె" అవుతుందా, "ఆవిడ" అవుతుందా? ఎదుటివారు ఆమెను "నువ్వు" అంటారా, "మీరు" అంటారా? వయసు తెలియకుండా తెలుగులో ఒక మనిషి గురించి నాలుగు వాక్యాలు రాయడం దాదాపు అసాధ్యం. మూలంలో ఆ వయసు చాలాసార్లు చెప్పి ఉండదు, ఎందుకంటే అక్కడి పాఠకులకు పేరు వినగానే అది తెలిసిపోతుంది. బెర్తా అంటే అమ్మమ్మ, జెన్నిఫర్ అంటే నడివయసు తల్లి అని వారి చెవి వారికి చెబుతుంది. మన చెవికి ఆ రెండూ ఒకేలా వినిపిస్తాయి.

ఈ లోటు తీర్చుకోవడానికి కొంతకాలంగా నేను వాడుతున్నది, పింఛను వంటివి చూస్తూ ఒక్కొక్కరికి నంబరున్న కార్డు ఇచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ సోషల్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ తన వెబ్‌సైటులో ఉంచిన పేర్ల పట్టిక. నిజానికి దాన్ని పుట్టబోయే బిడ్డకు పేరు వెతుక్కునే తల్లిదండ్రుల కోసం పెట్టారు, అందుకే దానికి "బేబీ నేమ్స్" అని పేరు. నేను మాత్రం పాత పేర్ల కోసం, అంటే ఒక పేరు ఎప్పుడు పుట్టి, ఎప్పుడు వెలిగి, ఎప్పుడు పాతబడిందో తెలుసుకోవడానికి దాని దగ్గరికి వెళతాను. అందువల్ల ఈ సమీక్ష కూడా ఆ ఉపయోగం వైపు నుంచే రాస్తున్నాను.

దాని విలువ నాకు తెలిసివచ్చింది షర్లీ అనే పాత్ర వల్ల. 1945లో, యుద్ధం ముగిసే రోజుల్లో జరిగే చిన్న కథ అది. షర్లీ పోస్టాఫీసుకు వస్తుంది, మునివేళ్ల మీద లేచి నిలబడి కౌంటరు మీద ఉత్తరం పెడుతుంది, స్టాంపు అడుగుతుంది. కథ మొత్తంలో ఆమె వయసు ఎక్కడా లేదు. ఆమె పొట్టి మనిషి అనుకున్నాను. గుమస్తా మర్యాదగా మాట్లాడుతున్నాడు కదా అని "చెప్పండి షర్లీ గారూ" అని రాశాను. రాతప్రతి అచ్చుకు వెళ్లే ముందు పట్టికలో ఆ పేరు చూశాను. 1935లోనూ, 1936లోనూ ఆ దేశంలో పుట్టిన ఆడపిల్లలకు పెట్టిన పేర్లలో షర్లీది రెండో స్థానం. వెండితెర మీద షర్లీ టెంపుల్ అనే చిన్నారి దేశాన్నంతా ఊపేస్తున్న సంవత్సరాలవి. 1945లో కథలోకి నడిచి వచ్చే షర్లీ తొమ్మిది, పదేళ్ల పిల్ల కావడానికే ఎక్కువ అవకాశం ఉంది. ఆ తర్వాత కథ మళ్లీ చదివితే మునివేళ్ల మీద లేవడం, చిల్లర పైసలు రెండుసార్లు లెక్కపెట్టుకోవడం, గుమస్తా నవ్వును అణుచుకోవడం అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. కథలో ఉన్న "గారు"లన్నీ తీసేసి "చెప్పమ్మా" అని మార్చాను. ఆ ఒక్క మార్పుతో కథ కథంతా సరైన చోట కుదురుకుంది.

పట్టిక ఎలా పుట్టిందో కూడా చెప్పుకోదగిన సంగతే. ఆ సంస్థలో బీమా గణాంక నిపుణుడిగా పనిచేసిన మైకేల్ షాకిల్‌ఫర్డ్ తనకు బిడ్డ పుట్టబోతున్నప్పుడు, మరీ ఎక్కువమందికి ఉన్న పేరు పెట్టకూడదనుకున్నారు. మైకేల్ అనే పేరు 1954 నుంచి 1998 వరకు, మధ్యలో 1960 ఒక్క ఏడాది డేవిడ్‌కు వదిలిపెట్టి, మగపిల్లల పేర్లలో మొదటి స్థానంలోనే ఉంది కాబట్టి ఆ ఇబ్బంది ఆయనకు స్వానుభవమే. 1997లో సంస్థ దగ్గరున్న కార్డుల సమాచారం నుంచి పేర్లను లెక్కగట్టే ప్రోగ్రాం రాశారు. ఆ లెక్క బయటకు వచ్చాక జనం దాన్ని వదల్లేదు, సంస్థ కూడా ఆపలేదు. ఇప్పుడు ఏటా, సాధారణంగా మే నెలలో, గడిచిన సంవత్సరపు పేర్లు అందులో చేరుతుంటాయి.

వాడుక తేలిక. ప్రవేశ రుసుము లేదు, ఖాతా తెరవమని అడగదు, ప్రకటనలు లేవు. 1880 నుంచి ఏ సంవత్సరమైనా ఎంచుకుని ఆ ఏడు ఎక్కువగా పెట్టిన పేర్లను వెయ్యి వరకు చూడవచ్చు. ఒక పేరు ఇచ్చి అది ఏ ఏడాది ఎన్నో స్థానంలో ఉందో కూడా చూడవచ్చు. వెయ్యికి కిందనున్న పేర్ల గురించి ఈ పేజీ మాట్లాడదు, వాటి కోసం సంవత్సరానికొక ఫైలు చొప్పున ఉన్న పూర్తి సమాచారాన్ని దింపుకోవాలి. ఆ ఫైళ్లు తెరిస్తే మామూలు అక్షరాలే కనిపిస్తాయి: వరుసకు ఒక పేరు, ఆడా మగా తెలిపే ఒక అక్షరం, ఒక అంకె. 1880 ఫైలులో మొట్టమొదటి వరుస మేరీది. ఆ పేరు పక్కన ఉన్న అంకె 7,065.

ఆ ఫైలును నేను ఒక సాయంత్రం పైకి చదువుకున్నాను. మేరీ, ఆనా, ఎమ్మా, ఎలిజబెత్, మిన్నీ, మార్గరెట్, ఐడా, ఆలిస్, బెర్తా, సారా. మొదటి పదీ ఇవి. మగపిల్లల వైపు జాన్, విలియం, జేమ్స్, చార్లెస్, జార్జ్, ఫ్రాంక్, జోసెఫ్, థామస్, హెన్రీ, రాబర్ట్. ఒకే ఏడాది, ఒకే జాబితాలో పక్కపక్కన కూర్చున్న ఈ పేర్ల జాతకాలు ఎంత వేరుగా నడిచాయో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఎమ్మా 1970ల్లో నాలుగు వందల స్థానాల కిందికి పడిపోయి, మళ్లీ పైకి లేచి, 2008లో మొదటి స్థానానికి చేరింది, 2014 నుంచి 2018 వరకు వరుసగా అక్కడే నిలిచింది. ఆలిస్ మొదటి వందలోకి తిరిగి వచ్చింది. మిన్నీ, బెర్తా మాత్రం వెళ్లిపోయాయి, ఇప్పుడు మొదటి వెయ్యిలో వాటి జాడ లేదు. 1880లో తొమ్మిదో స్థానంలో ఉన్న హెన్రీ ఇరవయ్యో శతాబ్దమంతా ఎక్కడెక్కడో తిరిగి 2020లో సరిగ్గా అదే తొమ్మిదో స్థానంలో కనిపిస్తాడు. అంకెలు చదువుతున్నామన్న సంగతి మరిచిపోయి, ఊరు విడిచి వెళ్లిన మనిషి నూట నలభై ఏళ్లకు తిరిగొచ్చి పాత అరుగు మీదే కూర్చున్నట్టు అనిపించింది.

ఈ తిరిగి రావడంలో ఒక క్రమం ఉంది. పేర్లను పరిశీలించేవారు దీన్ని నూరేళ్ల లెక్క అంటుంటారు. తల్లిదండ్రుల తరం పేర్లు బిడ్డలకు పెట్టడానికి ఎవరికీ మనసొప్పదు, ఆ పేర్లలో బడి, ఆఫీసు, ఇంటి గొడవలు అన్నీ వినిపిస్తాయి. తాతల తరం పేర్లలో ముసలితనం వినిపిస్తుంది, వాటిని మోసిన మనుషులు మంచాన పడి ఉండగా చూశాం కాబట్టి. ముత్తాతల తరానికి వచ్చేసరికి ఆ మనుషులను ఎరిగినవారు పెద్దగా మిగలరు, పేరు మీద పేరుకున్న మసి కడిగినట్టు పోయి, శబ్దం మాత్రమే మిగులుతుంది. అప్పుడది కొత్తగా, ముద్దుగా వినిపిస్తుంది. హేజెల్ అనే పేరు 1890ల్లో, 1900ల్లో మొదటి పాతికలో ఉండేది. 1970ల మధ్య నుంచి 1990ల చివరి దాకా మొదటి వెయ్యిలోనే లేదు. 1998లో అంచున తిరిగి కనిపించి, ఇప్పుడు మొదటి యాభైలో ఉంది. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కాలంలో, అంటే 1901 నుంచి 1909 మధ్య, బాగా వినిపించిన థియొడోర్ కూడా అలాగే వెనక్కి తగ్గి, 2020ల్లో మొదటి పదిలోకి వచ్చి చేరింది.

దీనివల్ల అనువాదకులకు ఒక హెచ్చరిక ఉంది. "ఇది పాత పేరు" అని ఒకసారి రాసిపెట్టుకుంటే చాలదు. ఒకే పేరు 1900లో పసిపాపది, 1970లో ముసలమ్మది, 2020లో మళ్లీ పసిపాపది కావచ్చు. కథ జరిగే సంవత్సరం, పేరు వెలిగిన సంవత్సరం రెండూ పక్కపక్కన పెట్టి తీసివేత చేస్తేనే వయసు తేలుతుంది. లిసా అయితే 1962 నుంచి 1969 వరకు, జెన్నిఫర్ అయితే 1970 నుంచి 1984 వరకు మొదటి స్థానంలో ఉన్నాయి. ఇటువంటి పేర్ల విషయంలో తీసివేత దాదాపు గురి తప్పదు. ఎలిజబెత్, విలియం, జేమ్స్ వంటివి ప్రతి తరంలోనూ ఉంటూ వచ్చాయి కాబట్టి వాటితో వయసు పట్టుకోలేం. అవి వయసు లేని పేర్లు.

పట్టిక చూపే మరొక నిజం అందులో పక్కనే ఉండే శాతాల వల్ల తెలుస్తుంది. 1880 లెక్కలో మగపిల్లల్లో నూటికి ఎనిమిది మంది జాన్‌లు, ఆడపిల్లల్లో నూటికి ఏడుగురు మేరీలు. జాన్ 1923 వరకు, మేరీ 1946 వరకు ఒక్క ఏడాది కూడా మొదటి స్థానం దిగలేదు. 1947లో లిండా వచ్చింది. ఆ ఏడాది ఆ పేరుతోనే ఒక పాట దేశమంతటా మారుమోగింది, పుట్టిన ఆడపిల్లల్లో దాదాపు లక్షమందికి ఆ పేరు పెట్టారు. మేరీ 1953లో మళ్లీ పీఠమెక్కి 1961 వరకు ఉండి, ఆ తర్వాత మెల్లగా జారిపోయి, 2009 నుంచి మొదటి వందలో కూడా లేదు. ఇవాళ మొదటి స్థానంలో ఉన్న పేరును కూడా నూటికి ఒక్క బిడ్డకే పెడుతున్నారు. ఒకప్పుడు పేరు ఇంటిలో వారసత్వంగా చేతులు మారేది, కొద్ది పేర్లు మళ్లీ మళ్లీ తిరిగేవి. ఇప్పుడు ఎవరి బిడ్డకు వారు వేరైన పేరు వెతుకుతున్నారు. కుటుంబ సంప్రదాయం సడలిన తీరు ఈ ఒక్క శాతాల వరుసలో తెలుస్తుంది.

ఇక దీని పరిమితుల సంగతి. వీటిని తెలుసుకోకుండా వాడితే పట్టిక తప్పుదారి పట్టించగలదు.

సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చింది 1935లో, కార్డుల నంబర్లు ఇవ్వడం మొదలైంది 1936 చివరలో. అంటే 1880లో పుట్టిన మేరీ కార్డు కోసం దరఖాస్తు చేసేనాటికి ఆమెకు యాభై ఆరేళ్లు. అంతకు ముందే చనిపోయినవారు, కార్డుతో అవసరం పడనివారు ఈ లెక్కలో లేరు. ఇది సంస్థ తానే స్పష్టంగా రాసిపెట్టింది. 1937కు ముందు పుట్టినవారిలో చాలామంది పేర్లు ఇందులో లేవని ముందే చెబుతుంది. 1987 నుంచి ఆసుపత్రిలో జనన నమోదుతో పాటే నంబరు కోరే పద్ధతి వచ్చింది కాబట్టి, ఆ తర్వాతి అంకెలను పుట్టినవారి లెక్కగానే తీసుకోవచ్చు. వెనకటి అంకెలను మాత్రం కచ్చితమైన లెక్కగా కాక మొగ్గుగా చూడాలి.

దీనికంటే సూక్ష్మమైన తేడా ఇంకొకటి ఉంది, దాన్ని గమనించడానికి నాకు చాలాకాలం పట్టింది. పాత తరం వారి విషయంలో ఈ పట్టికలో ఉన్నది బారసాలనాడు పెట్టిన పేరు కాదు, పెద్దయ్యాక దరఖాస్తు మీద వారు తమ పేరుగా రాసుకున్నది. మిన్నీ అంత పైన ఉండటానికి అది ఒక కారణం కావచ్చు. మిన్నీ అనేది విల్హెల్మినాకు, మినర్వాకు, మేరీకి కూడా ముద్దుపేరుగా నడిచేది. చర్చి పుస్తకంలో విల్హెల్మినా అయిన మనిషి యాభై ఏళ్లు మిన్నీగా బతికాక దరఖాస్తులో ఏం రాస్తుంది? అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంగతి ఇంకా విచిత్రమైనది. 1913లో పుట్టినప్పుడు తండ్రి పేరే పెట్టి లెస్లీ లించ్ కింగ్ జూనియర్ అన్నారు. తల్లి ఆ భర్తను విడిచి, తర్వాత జెరాల్డ్ రుడాల్ఫ్ ఫోర్డ్‌ను పెళ్లి చేసుకుంది, పిల్లవాడిని ఆ కొత్త తండ్రి పేరుతో జెరాల్డ్ ఫోర్డ్ జూనియర్ అని పిలవడం మొదలుపెట్టారు. చట్టప్రకారం పేరు మార్పు జరిగింది 1935లో, కార్డులు రావడానికి ఒక ఏడాది ముందు. ఒక తండ్రి వారసత్వాన్ని చూపిన "జూనియర్" అనే మాట ఇంకో తండ్రికి మారిన ఆ చరిత్ర మొత్తం ఇటువంటి పట్టికలో ఒక అంకెలో కలిసిపోతుంది, మనకు తెలిసే దారే లేదు.

అక్షరక్రమం మారితే వేరే పేరుగా లెక్కించడం మరొక పద్ధతి. కెయిట్లిన్ అనే పేరును ఇంగ్లీషులో ఎన్నో రకాలుగా రాస్తారు, పట్టికలో ఒక్కోటి ఒక్కో వరుస. తెలుగులో రాస్తే అన్నీ ఒక్కటే కాబట్టి మన పనికి వాటన్నిటినీ మనమే కూడుకోవాలి. ఈ ఒక్క విషయంలో మన లిపి వారి లెక్క కంటే నయం, పేరును చెవితో వింటుంది. అలాగే రెండు పేర్ల మధ్యనున్న ఖాళీ, అడ్డగీత తీసేస్తారు. ఐదుగురికంటే తక్కువమందికి పెట్టిన పేర్లను వ్యక్తుల గోప్యత కోసం వదిలేస్తారు. ఈ చివరి నియమం న్యాయమైనదే. పాత ఫైళ్లలో ఆడా మగా నమోదులో పొరపాట్లు అలాగే ఉన్నాయి, మగపిల్లల వరుసలోనూ మేరీలు కనిపిస్తారు.

ఇవన్నీ సర్దుకోగలిగిన లోపాలు. సర్దుకోలేనిది ఒకటుంది. ఈ పట్టికలో మొదటి పేరు తప్ప మరేదీ లేదు. అమెరికా కుటుంబాల నామకరణ సంప్రదాయమేమో ఎక్కువగా మధ్యపేరులో, ఆ పేరు ఎవరి నుంచి వచ్చిందన్న జ్ఞాపకంలో దాగి ఉంటుంది.

ఫ్రాంక్లిన్ డెలనో రూజ్‌వెల్ట్ పేరును తీసుకోండి. పట్టికకు కనిపించేది ఫ్రాంక్లిన్ మాత్రమే. డెలనో ఆయన తల్లి సారా పుట్టింటి పేరు, ఫ్రాంక్లిన్ కూడా ఆమె పినతండ్రి వరసైన ఫ్రాంక్లిన్ డెలనో పేరే. తండ్రి ఇంటిపేరు చివర ఒక్క మాటగా ఉంటే, ముందున్న రెండూ తల్లి వైపు నుంచి వచ్చాయి. అబ్రహాం లింకన్‌కు పెట్టింది తండ్రి తండ్రి పేరు, 1786లో దాడిలో చనిపోయిన అబ్రహాం అనే తాత పేరు. ఆ లింకన్ తన పెద్ద కొడుకుకు 1843లో రాబర్ట్ టాడ్ అని భార్య మేరీ టాడ్ తండ్రి పేరు పెట్టుకున్నాడు. తర్వాత అధ్యక్షుడైన జాన్ క్విన్సీ ఆడమ్స్ 1767 జూలైలో పుట్టినప్పుడు తల్లి అబిగైల్ తాతగారైన జాన్ క్విన్సీ మరణశయ్య మీద ఉన్నారు. అమ్మమ్మ కోరిక మీద మనవడికి ఆ పేరు పెట్టారు. ఒక మనిషి వెళ్లిపోతున్న వారంలోనే ఆయన పేరు ఊయలలోకి చేరింది. అంకెల పట్టికలో ఇది "జాన్" అనే మామూలు పేరు.

తల్లి ఇంటిపేరును మధ్యలో కాదు, ఏకంగా మొదటి పేరుగా పెట్టే ఆనవాయితీ కూడా అక్కడ పాతదే. న్యూ ఇంగ్లండ్ మతాచార్యుడు ఇంక్రీస్ మాథర్ 1663లో పుట్టిన కొడుకుకు కాటన్ అని పెట్టాడు. దూది అనే అర్థంతో కాదు, భార్య తండ్రి జాన్ కాటన్ ఇంటిపేరది. ఇటువంటి పేరు కథలో కనిపిస్తే అర్థం వెతకడం కంటే తల్లి పుట్టిల్లు వెతకడం మంచిది.

స్కాట్లండ్ నుంచి వలస వచ్చిన కుటుంబాల్లో ఒక వరుస ఉండేది. పెద్ద కొడుకుకు తండ్రి తండ్రి పేరు, రెండో కొడుకుకు తల్లి తండ్రి పేరు, మూడోవాడికి తండ్రి పేరు. పెద్ద కూతురికి తల్లి తల్లి పేరు, రెండో కూతురికి తండ్రి తల్లి పేరు, మూడో ఆమెకు తల్లి పేరు. అన్ని ఇళ్లూ దీన్ని తుచ తప్పకుండా పాటించలేదు. అయినా ఒక ఇంటి పిల్లల పేర్లు వరుసగా ఉన్న కథలో ఈ క్రమం పట్టుకుంటే తాతలెవరో ఊహించవచ్చు. తూర్పు యూరప్ నుంచి వచ్చిన యూదుల ఇళ్లలో బతికున్న పెద్దల పేరు బిడ్డకు పెట్టరు, పోయినవారి పేరే పెడతారు. మధ్యధరా ప్రాంతపు యూదులు, గ్రీకు కుటుంబాలవారు బతికున్న తాత పేరునే గౌరవంగా పెడతారు. కొత్త దేశంలో పాత పేరు పలకడం కష్టమైనప్పుడు మొదటి శబ్దాన్ని మాత్రం నిలుపుకున్న ఇళ్లెన్నో. తాత మోషే అయితే మనవడు మోరిస్. పట్టికలో మోరిస్ పెరిగిన అంకె కనిపిస్తుంది, దాని వెనకనున్న మోషే కనిపించడు.

అన్నిటికంటే నన్ను కదిలించింది పాల్ కఫీ కథ. 1759లో పుట్టిన ఈ ఓడల యజమాని తండ్రి పశ్చిమాఫ్రికా నుంచి బానిసగా తెచ్చిన మనిషి, పేరు కోఫీ. అకాన్ ప్రజల్లో శుక్రవారం పుట్టిన మగబిడ్డకు పెట్టే పేరది. ఆ తండ్రిని కొన్న యజమాని ఇంటిపేరు స్లోకమ్ ఆయనకు తగిలించారు. కొడుకు పెద్దయ్యాక ఆ ఇంటిపేరు వదిలేసి, తండ్రి సొంత పేరు కోఫీని, కఫీ అనే రూపంలో, తన ఇంటిపేరుగా చేసుకున్నాడు. ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కు రావడం మామూలు. ఇక్కడ తండ్రికి మిగిలిన ఏకైక సొంత ఆస్తి, పుట్టిన వారం చెప్పే ఆ పేరు, కొడుకు ఎంచుకోవడం వల్ల ఇంటిపేరు అయింది. 1880తో మొదలయ్యే ఏ పట్టికా దీన్ని చెప్పలేదు, చెప్పాలని ఆశించడం కూడా సరికాదు. దీని కోసం జీవితచరిత్రల దగ్గరికే వెళ్లాలి.

"జూనియర్" గురించి కూడా ఒక మాట చెప్పాలి, అనువాదాల్లో తరచూ తప్పు పోయేది ఇక్కడే. పాత మర్యాద ప్రకారం తండ్రి పూర్తి పేరు, మధ్యపేరుతో సహా, కొడుక్కు ఉంటేనే జూనియర్. తాత పేరో, మేనమామ పేరో పెడితే "రెండవ" అనే అంకె వేస్తారు. కాబట్టి కథలో "రెండవ" అని కనిపిస్తే అతని తండ్రికి వేరే పేరు ఉందని అర్థం. పట్టికలో జూనియర్లు, రెండవలు, మూడవలు తమ తండ్రులతో, తాతలతో కలిసి ఒకే పేరు కింద ఉంటారు.

ఈ సేవకు ప్రత్యామ్నాయంగా పేర్ల అర్థాలు చెప్పే వాణిజ్య యాప్‌లు చాలా ఉన్నాయి. ఒకదాన్ని కొన్నాళ్లు డబ్బు కట్టి వాడాను. మాడిసన్ అనే పేరు తరతరాలుగా ఆడపిల్లలకు పెడుతున్న ప్రాచీన నామమని అది చెప్పింది. పట్టికలో చూస్తే 1985కు ముందు ఆడపిల్లల మొదటి వెయ్యిలో ఆ పేరు ఒక్కసారి కూడా లేదు. అంతకు ముందు ఏడాది వచ్చిన ఒక సినిమాలో జలకన్య వీధి బోర్డు చూసి ఆ పేరు పెట్టుకుంటుంది. అసలది ఇంటిపేరు. నేను రాసిన ఫిర్యాదుకు జవాబు రాలేదు, పేరు వివరణా మారలేదు. నేను దాన్ని నమ్మి 1920ల నాటి కథకు ఒక పీఠిక రాసి ఉంటే పాఠకులకు అబద్ధం చెప్పినట్టే అయ్యేది. అప్పటి నుంచి అర్థాల కోసం యాప్‌ల వైపు చూడటం మానేశాను. సోషల్ సెక్యూరిటీ వారి పట్టిక అర్థాలు చెప్పదు, ఊహలు చేయదు, లెక్క మాత్రం చెప్పి ఊరుకుంటుంది. నాకు నచ్చింది ఆ నిగ్రహమే.

అమెరికా రచనలు అనువదించేవారికి, వాటిని శ్రద్ధగా చదివేవారికి, కుటుంబ చరిత్రలు రాసుకునేవారికి దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. వాడేటప్పుడు 1937కు ముందు అంకెలను జాగ్రత్తగా తీసుకోండి, వేర్వేరు అక్షరక్రమాలను కలుపుకోండి, కథ జరిగే సంవత్సరం పక్కన పెట్టుకోకుండా ఏ పేరునూ పాతదనో కొత్తదనో అనకండి. ఒక పేరు ఎవరి జ్ఞాపకంగా పెట్టారో తెలియాలంటే మాత్రం ఆ కుటుంబపు ఉత్తరాలు, బైబిలు మొదటి పుటల్లో రాసుకున్న పుట్టుకల వివరాలు, సమాధి రాళ్లు చూడాలి. రెండూ పక్కపక్కన ఉంటేనే పేరు పూర్తిగా తెలుస్తుంది.

ఇప్పుడు నా బల్ల మీద ఉన్న కథ 1974లో జరుగుతుంది. ఒక కుర్రవాడు అద్దె గది కోసం తలుపు తడతాడు. హేజెల్ తలుపు తీసి, అతన్ని తేరిపార చూసి, "లోపలికి రా" అంటుంది. రచయిత ఆమె జుట్టు రంగు చెప్పలేదు, చేతికర్ర ఉందో లేదో చెప్పలేదు. పట్టిక తెరిచి 1974లోంచి 1900 తీసేశాను. "హేజెల్ గారు తలుపు తీశారు" అని రాసి, ఆ కుర్రవాడి నోట "మీరు" పెట్టి, కింది వాక్యంలోకి వెళ్లాను.